కడుపుతో ఉన్నప్పుడు దిగులు, బిడ్డ బరువు: ఏం చూసుకోవాలి, ఎవరికి ఎలా చెప్పాలి

నాకు 32వ వారంలో తీసిన స్కాన్‌లో బిడ్డ బరువు ఆ వారానికి ఉండాల్సిన దానికంటే తక్కువ ఉందని వచ్చింది. రిపోర్టు చూసిన దగ్గరి మనిషి ఒకరు, నా మీద ప్రేమతోనే, "నువ్వు అయినదానికీ కానిదానికీ టెన్షన్ పడతావు, అందుకే బిడ్డ ఎదగడం లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఎడమవైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపలున్న బిడ్డకి క్షమాపణలు చెప్పుకుంటూ తెల్లవార్లూ గడిపాను. ఉన్న టెన్షన్ చాలదన్నట్టు, టెన్షన్ పడుతున్నందుకు ఇంకో టెన్షన్ తోడైంది. ఇప్పుడు అదే మాట వింటున్నవాళ్లు, అలాంటి రాత్రే గడుపుతున్నవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మిమ్మల్ని చూస్తున్న డాక్టరు చెప్పిన దానికీ నేను రాసిన దానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

అసలు సంబంధం ఉందా, ఉంటే ఎంత?

ఉంది. దాచాల్సిన పని లేదు. కాకపోతే అది ఎంతో తెలియకుండా ఊరికే ఉందని వింటే మనిషి బెదిరిపోతుంది, అందుకే కొంచెం లెక్క చెప్తాను. గర్భిణుల డిప్రెషన్ మీద అప్పటిదాకా జరిగిన చాలా పరిశోధనల్ని కలిపి లెక్కగట్టిన పెద్ద అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. డిప్రెషన్ ఉన్న తల్లులకు తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు, నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం సుమారు 1.4 రెట్లు అని అందులో తేలింది. ఒకటిన్నర రెట్లు అనగానే భయం వేస్తుంది కదా, దాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. ఉదాహరణకి ఒకచోట 100 మంది తల్లుల్లో 10 మందికి తక్కువ బరువు బిడ్డలు పుడుతున్నారనుకుందాం, అక్కడే డిప్రెషన్ ఉన్న 100 మందిని తీసుకుంటే 15 మందికి అలా పుడతారు. మిగతా 85 మంది బిడ్డలు మామూలు బరువుతోనే పుడతారు. పైగా డిప్రెషన్ ఉన్నచోట డబ్బు ఇబ్బందులు, ఇంట్లో కొట్లాటలు, పొగతాగడం, సరిగ్గా తినలేకపోవడం కూడా ఎక్కువగానే ఉంటాయి, వాటి వాటా ఎంతో, దిగులు వాటా ఎంతో పూర్తిగా విడదీయడం ఎవరికీ తేలిక కాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ పరిశోధనల్లో చూసింది డిప్రెషన్‌ని, ఒక పూట బాధని కాదు. నిన్న సాయంత్రం మీ ఆయనతో గొడవపడి ఏడ్చినందుకో, ఆఫీసులో ఒకరోజు గుండె దడ వచ్చినందుకో బిడ్డ బరువు తగ్గిపోదు. ఏడుపు వస్తే ఏడవండి.

మరి దిగులు బిడ్డ దాకా ఎలా వెళ్తుంది? ఒక దారి ఒంట్లో నుంచే. మనం ఎక్కువకాలం ఒత్తిడిలో ఉంటే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయలో, అంటే తల్లి నుంచి బిడ్డకి ఆహారం అందించే ప్లాసెంటాలో, ఒక ఎంజైమ్ ఉంటుంది, తల్లి రక్తంలోంచి వచ్చే కార్టిసాల్‌లో చాలా భాగాన్ని అది అక్కడే పనిచేయకుండా చేసి బిడ్డకి అడ్డుగా నిలబడుతుంది, అంటే చిన్న చిన్న ఆటుపోట్లు తట్టుకునే ఏర్పాటు ఒంట్లో ముందే ఉందన్నమాట. ఒత్తిడి తెంపు లేకుండా సాగితే ఆ కాపు కొంత సడలొచ్చని, మాయకి రక్తం తెచ్చే నాళాలు కూడా కొంచెం బిగుసుకోవచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. రెండో దారి మన రోజువారీ బతుకులోంచి వెళ్తుంది. దిగులుగా ఉన్న మనిషికి తిండి సయించదు, నిద్ర పట్టదు, చెకప్‌కి వెళ్లబుద్ధి కాదు, ఐరన్ మాత్ర బీరువా మీదే ఉండిపోతుంది, అలవాటున్నవాళ్లు సిగరెట్టో మద్యమో మానలేకపోతారు. మూడోది నెలలు నిండకపోవడం. చివరి వారాల్లో బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది, మూడు నాలుగు వారాలు ముందే పుడితే ఆ పెరగాల్సిన టైమే దొరకదు.

నా ఉద్దేశంలో వీటిలో రెండో దారి మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి. కార్టిసాల్ ఎంతుందో రోజూ కొలుచుకోలేం, కానీ ఈ వారం చెకప్ తప్పిపోయిందా, తిండి తగ్గిందా అన్నది ఇంట్లోవాళ్లకి కూడా కనిపిస్తుంది, సరిచేయొచ్చు.

బిడ్డ "చిన్నగా ఉంది" అంటే ముందు ఇవి అడగండి

పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు అంటారు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క. ప్రపంచం మొత్తం మీద పుట్టే ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరు ఇలా పుడతారు. ఈ లెక్కలో రెండు వేర్వేరు రకాల పిల్లలు కలిసిపోయి ఉంటారు. 35వ వారంలో 2,400 గ్రాములతో పుట్టిన బిడ్డ తన వారానికి సరైన బరువుతోనే ఉంది, కాకపోతే తొందరగా వచ్చింది. 40వ వారంలో అదే 2,400తో పుట్టిన బిడ్డ మాత్రం తన వయసుకి చిన్నది. ఒకే వారంలో పుట్టిన 100 మందిని బరువు ప్రకారం నిలబెడితే అట్టడుగున ఉండే పదిమందిని "వారాలకు తగ్గ ఎదుగుదల లేదు" అంటారు. ఆ పదిమందిలో కూడా ఏ జబ్బూ లేకుండా, తల్లిదండ్రులే చిన్న సైజు మనుషులవడం వల్ల చిన్నగా పుట్టేవాళ్లు చాలామంది ఉంటారు. మొదటి కాన్పు బిడ్డలు సగటున తర్వాతి వాళ్లకంటే కాస్త చిన్నగా, ఆడపిల్లలు మగపిల్లల కంటే కాస్త తేలిగ్గా ఉంటారు.

స్కాన్‌లో బరువు గురించి నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. అక్కడ బిడ్డని ఎవరూ తూకం వేయరు. తల, పొట్ట, తొడ ఎముక కొలిచి ఒక సూత్రంలో వేసి అంచనా కడతారు, దాంట్లో పది పదిహేను శాతం అటూ ఇటూ అవడం మామూలే. 2,000 గ్రాములు అని వస్తే నిజంగా 1,800 ఉండొచ్చు, 2,200 కూడా ఉండొచ్చు. అందుకే ఒక్క అంకె పట్టుకుని కూర్చోకూడదు. రెండు మూడు వారాల తేడాతో తీసిన రెండు స్కాన్లు పక్కపక్కన పెట్టి, ఎదుగుదల చార్టులో బిడ్డ తన గీత మీద తాను పైకి వెళ్తోందా, లేక గీత వంగి కిందికి వస్తోందా అని చూడాలి. నాది అలాగే అయింది, రెండు వారాలకి మళ్లీ చూస్తే బిడ్డ చిన్నదే, కానీ చక్కగా పెరుగుతోంది.

డాక్టరు దగ్గర అడగాల్సినవి రాసి పట్టుకెళ్లండి, లోపలికి వెళ్లాక మర్చిపోతాం. వారాల లెక్క మొదటి మూడు నెలల స్కాన్ ప్రకారమే వేశారా? క్రితం స్కాన్‌తో పోలిస్తే పెరుగుదల ఎలా ఉంది? ఉమ్మనీరు సరిపోను ఉందా? బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ అవసరమా? నా బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత? గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే. బిడ్డ ఎదుగుదల తగ్గడానికి బీపీ, మాయ సరిగ్గా పనిచేయకపోవడం, రక్తహీనత, ఇన్ఫెక్షన్లు, పొగతాగడం, కవలలు, ఇలా చాలా కారణాలుంటాయి. ఇవేవీ చూడకుండా "టెన్షన్ వల్లే" అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి. ఆ మాట తల్లిని బాధపెడుతుంది, అంతకంటే ప్రమాదం ఏమిటంటే అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

స్కాన్ల మధ్యలో మీ చేతిలో ఉన్న పని బిడ్డ కదలికలు గమనించడం. 28 వారాలు వచ్చేసరికి ప్రతి బిడ్డకీ ఒక వరస ఏర్పడుతుంది, ఒకరు రాత్రిళ్లు తన్నుతారు, ఒకరు మనం తిన్న వెంటనే. ఆ వరస తగ్గినట్టు అనిపిస్తే పక్కకి తిరిగి పడుకుని, వేరే ధ్యాస లేకుండా రెండు గంటలు చూడండి. పది కదలికలు కూడా తెలియకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. ఊరికే కంగారు పడ్డావంటారేమో అని ఆగిపోవద్దు.

మామూలు దిగులా, చూపించుకోవాల్సిందా?

ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే అలసట, నిద్ర తేడా, తిండి సయించకపోవడం కడుపుతో ఉన్న ఎవరికైనా ఉంటాయి. వాటిని పక్కన పెట్టి వేరే గుర్తులు చూసుకోవాలి. ఇదివరకు ఇష్టపడి చేసిన పని ఇప్పుడు చేసినా ఏమీ అనిపించడం లేదా? అన్నిటికీ తప్పు నాదే అనిపిస్తోందా? రేపటి గురించి తలుచుకుంటే ఏదో గోడ అడ్డొచ్చినట్టు ఉంటోందా? పడుకునే వీలు దొరికినా, ఒళ్లు అలిసిపోయి ఉన్నా నిద్ర రావడం లేదా? ఒకే భయం, బిడ్డకి ఏదో అయిపోతుందని, పదే పదే తిరుగుతూ పని చేసుకోనివ్వడం లేదా? ఇలాంటివి రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ ఉంటే చూపించుకోవాలి. ఇదివరకు గర్భం పోయినవాళ్లకి, ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్లకి, ఇంట్లో తోడు లేనివాళ్లకి రెండు వారాలు కూడా ఆగక్కర్లేదు.

మీరు ఒక్కరే ఇలా ఉన్నారని మాత్రం అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం మందికి, బాలింతల్లో సుమారు 13 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, ఉంటుంది. చెకప్‌కి వెళ్లి వరుసలో కూర్చున్నప్పుడు చుట్టూ చూడండి, పదిమంది ఉంటే వాళ్లలో ఒకరు మీలాగే ఉంటారు, ఆవిడా ఎవరికీ చెప్పి ఉండదు.

ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల పట్టిక ఒకటుంది, 1987లో బాలింతల కోసం తయారుచేశారు, ఇప్పుడు గర్భిణులకూ వాడతారు. గడిచిన ఏడు రోజులు మీకెలా అనిపించిందో చూసి ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 దాకా మార్కు వేసుకోవాలి, మొత్తం 30. సాధారణంగా 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాలి, 13 గానీ ఆపైన గానీ వస్తే ఇంకా త్వరగా. అది జబ్బుని తేల్చే పరీక్ష కాదు, తలుపు తట్టడం లాంటిది. మొత్తం మార్కులు ఎంతొచ్చినా పదో ప్రశ్న విడిగా చూడండి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి ఆ ప్రశ్న అడుగుతుంది, దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకేం జవాబొచ్చినా ఆ రోజే ఎవరితోనైనా చెప్పాలి.

థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా మనిషి అచ్చం దిగులుగా ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఆ రెండు పరీక్షలూ అయ్యాయో లేదో చూసుకోండి.

డాక్టరుకి ఎలా చెప్పాలి

బీపీ చూస్తారు, బరువు చూస్తారు, బిడ్డ గుండె చప్పుడు వింటారు, "ఇంకేమైనా ఉందా?" అంటారు, మనం "ఏం లేదండీ" అనేసి బయటికొస్తాం. నేను మూడు చెకప్‌లు అలాగే వచ్చేశాను. నాలుగోసారి ఒక కాగితం ముక్క మీద రాసుకెళ్లి, నోటితో చెప్పలేక కాగితమే చేతికిచ్చాను. దాంట్లో ఇంతే ఉంది: "మూడు వారాలుగా తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. బిడ్డ గుడ్డలు సర్దుతుంటే సంతోషం రావడం లేదు, భయం వేస్తోంది. రోజుకి ఒక పూటే తినగలుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." ఆవిడ చదివి, కుర్చీ నా వైపు జరుపుకుని, మొదటిసారి నా రిపోర్టులు పక్కనపెట్టి నన్ను చూసింది.

మీరూ అలాగే రాయండి. "మనసు బాగోలేదు" అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది, అందుకే ఎన్నాళ్లుగా, ఏం మారింది, ఏ పని చేయలేకపోతున్నారు, ఈ మూడూ ఉండేలా చూసుకోండి. ఆ మాట చెకప్ మొదట్లోనే చెప్పండి, చివరికి వాయిదా వేస్తే టైమ్ ఉండదు. "కడుపుతో ఉన్నప్పుడు అందరికీ అలాగే ఉంటుందమ్మా" అని పంపేస్తే, "నన్ను మానసిక వైద్యుల దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో పంపుతారా?" అని సూటిగా అడగండి. అక్కడా కుదరకపోతే నర్సుని అడగండి, వేరే డాక్టరుని అడగండి. ఒకరు వినలేదంటే మీ బాధ చిన్నదని అర్థం కాదు.

వైద్యం అంటే ఏమిటి, మందులు వాడొచ్చా

తేలికపాటి నుంచి మధ్యస్థంగా ఉన్న డిప్రెషన్‌కి, ఆందోళనకి ముందు మాటలతో చేసే వైద్యమే ఇస్తారు. ఇందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పాకిస్తాన్ పల్లెల్లో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల ఇళ్లకి, డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ తీసుకుని వెళ్లి, మనసులో తిరిగే చెడ్డ ఆలోచనని గుర్తుపట్టడం, దాని బదులు పనికొచ్చే ఆలోచన పెట్టుకోవడం, దాన్ని రోజూ సాధన చేయడం నేర్పారు. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని మామూలు సందర్శనలు అందినవాళ్లలో అది 53 శాతం. అదే పద్ధతిని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంగా వేసి మిగతా దేశాలకి కూడా ఇచ్చింది.

అదే పరిశోధనలో బిడ్డల బరువులో, ఎత్తులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువమందికి పడ్డాయి, కానీ తూకంలో తేడా లేదు. ఇది నేను కావాలనే చెప్తున్నాను. బిడ్డ బరువు పెరుగుతుందనే ఆశతో తల్లికి వైద్యం చేయిస్తే, రేపు బరువు పెరగకపోతే ఆ వైద్యం దండగ అంటారు. ఆ శిక్షణ లేనిచోట సగానికి పైగా తల్లుల్లో మిగిలిన డిప్రెషన్ ఇక్కడ పావు వంతు మందిలోనే మిగిలింది, ఆ ఆడవాళ్లు రోజువారీ పనులు మెరుగ్గా చేసుకోగలిగారు, పిల్లల్ని ఎక్కువసేపు ఆడించారు. తల్లి బాధ తగ్గడానికి వైద్యం చేయిస్తాం, అంతకుమించి కారణం అక్కర్లేదు.

మందుల విషయానికొస్తే, నెల తప్పిందని తెలియగానే వాడుతున్న డిప్రెషన్ మాత్రలు తమంతట తామే ఆపేసేవాళ్లు చాలామంది. ఆపకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, జబ్బు తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంది. ఆ వారంలోనే డాక్టరుని కలిసి, కొనసాగించాలా, మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది కలిసి తేల్చుకోండి. సెర్ట్రలిన్ లాంటివి గర్భిణులకి చాలాకాలంగా ఇస్తున్నారు. వాటివల్ల బిడ్డ బరువు కొంచెం తగ్గొచ్చని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కానీ అది మందు వల్లో, మందు వాడాల్సి వచ్చిన జబ్బు వల్లో విడదీయడం కష్టం. కొందరు పిల్లలు పుట్టాక కొన్ని రోజులు కాస్త చిరాగ్గా, ఒణుకుతూ ఉండి సర్దుకుంటారు, అందుకే కాన్పు చేసేవాళ్లకి మందు సంగతి ముందే చెప్పి ఉంచాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు మాత్రం వేరే కథ. బైపోలార్‌కి (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు), ఫిట్స్‌కి వాడే ఈ మందు బిడ్డకి అవయవ లోపాలు, మెదడు ఎదుగుదల సమస్యలు తెస్తుంది, కాబట్టి పిల్లల్ని కనాలనుకున్నప్పుడే డాక్టరుతో మార్పించుకోవాలి. దాన్ని కూడా సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం.

రోజూ చేసుకోగలిగినవి

పెద్ద జాబితా ఇవ్వను, దిగులుగా ఉన్న మనిషికి పెద్ద జాబితా కూడా ఒక బరువే.

నిద్రకి ముందు చోటివ్వండి. నా విషయంలో రాత్రిపూట ఫోన్‌లో బిడ్డ బరువు గురించి వెతకడం ఆపాకే నిద్ర కాస్త దారికొచ్చింది. మధ్యాహ్నం ఒక పదిహేను నిమిషాలు బెంగ కోసమే కేటాయించుకోండి, ఆ టైమ్‌లో కాగితం మీద మధ్యలో గీత గీసి, ఒకవైపు నేను ఏదైనా చేయగలిగినవి, ఇంకోవైపు నా చేతిలో లేనివి రాయండి. మొదటి వైపు నుంచి ఒక్కటి తీసుకుని ఆ రోజే చేయండి. రాత్రి అదే ఆలోచన మళ్లీ వస్తే "రేపు మధ్యాహ్నం చూద్దాం" అనుకోండి, వారం పది రోజులు పడుతుంది గానీ మెదడు ఆ మాట వింటుంది.

డాక్టరు వద్దనకపోతే నడవండి, వారానికి మొత్తం 150 నిమిషాలు అని లెక్క, కానీ బాగోలేని రోజున పది నిమిషాలైనా చాలు. తిండి సయించకపోతే మూడు పూటలా కంచం నిండా అనుకోకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి, ఐరన్ మాత్ర కళ్లెదుట కనిపించేచోట పెట్టుకోండి. పొగ, మద్యం మానలేకపోతుంటే సిగ్గుపడకుండా ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి, బిడ్డ బరువుని నేరుగా తగ్గించేవాటిలో పొగ ముందుంటుంది.

ఇంట్లోవాళ్లకి

"ధైర్యంగా ఉండు", "బిడ్డ కోసమైనా నవ్వు" అనకండి. ఆమె ప్రయత్నించకుండా కూర్చోలేదు. "ఈ రోజు ఎలా ఉంది, ఏ పని నేను చేయను?" అని అడగండి. అంతకంటే మంచిది, అడక్కుండానే ఒక పని తీసుకోండి. చెకప్‌కి తోడు వెళ్లండి, ఆమె చెప్పలేని మాట ఆమె ఒప్పుకుంటే మీరు చెప్పండి. స్కాన్‌లో అంకె చూసి ఆమె మొహం చూడకండి, డాక్టరు మొహం చూసి పైన రాసిన ప్రశ్నలు అడగండి. నాన్నలకీ ఈ రోజుల్లో దిగులు రావచ్చు, వాళ్లూ చూపించుకోవాలి.

ఇంట్లో కొట్టడం, తిట్టడం, డబ్బు ఇవ్వకుండా, బయటికి పోనివ్వకుండా చేయడం ఉంటే అది తల్లి మనసుకీ బిడ్డ బరువుకీ రెండిటికీ హాని చేస్తుంది. అలాంటిచోట ఊపిరి వ్యాయామాలు చేయమని చెప్పడం అన్యాయం. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి, ఆ మాట అడగడానికి కారణం చెప్పక్కర్లేదు.

చచ్చిపోవాలనిపించినా, బిడ్డకి హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, లేనివి వినిపిస్తున్నా కనిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకున్నా అలసట తెలియకుండా విపరీతమైన హుషారుగా ఉన్నా, అది ఎమర్జెన్సీ. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీటిలో లేనివి వినిపించడం, కనిపించడం, ఆ విపరీతమైన హుషారు కాన్పయ్యాక మొదటి రెండు వారాల్లో, వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఉన్నట్టుండి వస్తాయి, సరైన వైద్యం అందితే కోలుకుంటారు.

బిడ్డ చిన్నగానే పుడితే

మా పాప 38వ వారంలో 2,450 గ్రాములతో పుట్టింది. తూకం మీద ఆ అంకె చూసినప్పుడు నాకు మళ్లీ ఆ 32వ వారం రాత్రి గుర్తొచ్చింది. నర్సు ఒక్క మాట కూడా అనకుండా పాపని నా గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. అరచెయ్యంత వీపు, నా చేతి కింద పైకీ కిందికీ.

దీన్నే కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు, ఇప్పుడు తక్కువ బరువుతోనో నెలలు నిండకుండానో పుట్టిన పిల్లలకి పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకి 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంటుంది, పాలు తాగడం కుదురుతుంది, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. నాన్నయినా పెట్టుకోవచ్చు, తల్లి నిద్రపోయే టైమ్‌లో అదే మేలు.

మొదటి రోజుల్లో ఏ బిడ్డైనా పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గి, రెండు వారాల్లోపు తిరిగి తెచ్చుకుంటుంది. అది చూసి బెదరకండి, అంతకంటే ఎక్కువ తగ్గినా పాలు తాగలేకపోతున్నా చూపించండి. బరువుతో పాటు పొడవు, తల చుట్టుకొలత కూడా కార్డులో రాయించుకోండి, ఆ మూడూ కలిపి చూస్తేనే ఎదుగుదల తెలుస్తుంది.

కాన్పయిన మూడో నాలుగో రోజున ఏడుపు తన్నుకురావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అప్పుడూ అదే పని: కాగితం మీద రాసుకుని వెళ్లడం. ఆరు వారాలకి బిడ్డని తూకం వేయించడానికి వెళ్తారు కదా, ఆ రోజు ఎడిన్‌బరో పట్టిక కూడా అడిగి తీసుకుని అక్కడే కూర్చుని నింపండి. బిడ్డ బరువు రాసిన కార్డులోనే, ఆ తేదీ పక్కనే, మీ మార్కు కూడా రాయించుకోండి.